బర్మింగ్‌హామ్ బ్యాక్ టు బ్యాక్స్: పేదల ఇళ్ళ గైడు టూరు

ఇంగ్లాండులో పాత కట్టడాలను, తోటలను కాపాడి జనానికి చూపించే నేషనల్ ట్రస్టులో సభ్యత్వం తీసుకున్న తెలుగు కుటుంబాలు, నాకు తెలిసినంతలో, ఆ కార్డును జమీందారీ భవనాలకు, గులాబీ తోటలకు, పిల్లలు పరుగెత్తడానికి వీలున్న పెద్ద పెద్ద పార్కులకే వాడుకుంటాయి. 1895లో మొదలైన ఆ సంస్థ పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేవి అవే కనుక అందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. అయితే అదే సంస్థ బర్మింగ్‌హామ్ నడిబొడ్డున, హర్స్ట్ వీధీ ఇంజ్ వీధీ కలిసే మూల మీద, తోటా పార్కూ ఏవీ లేని ఒక చిన్న స్థలాన్ని కూడా నడుపుతోంది. అక్కడ చూడవలసినవల్లా పదకొండు ఇరుకైన ఇటుక ఇళ్ళు, వాటి నడుమ ఒక ఉమ్మడి వాకిలి, ఆ వాకిట్లో మరుగుదొడ్లు, బట్టలు ఉతుక్కునే గది. బర్మింగ్‌హామ్ బ్యాక్ టు బ్యాక్స్ అని పిలిచే ఈ ఇళ్ళను గైడు వెంట వెళితే తప్ప చూడటానికి వీలుండదు. ఆ టూరుకు పెట్టే డబ్బు, సమయం గిట్టుబాటవుతాయా, ఇండియా నుండి వచ్చిన పెద్దవాళ్ళను అక్కడికి తీసుకువెళ్ళవచ్చునా, పాత జ్ఞాపకాల పేరు చెప్పి పేదరికానికి సున్నం కొడుతున్నారా లేక ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నారా అన్నవి ఈ సమీక్షలో నేను తేల్చదలచుకున్న విషయాలు.

ముందు ఆ ఇళ్ళ కట్టుబడి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే అది తెలియకుండా లోపలికి అడుగుపెడితే ఇవి కూడా మామూలు పాత ఇళ్ళలాగే కనిపిస్తాయి. వీధి వైపు ముఖం పెట్టిన ఇల్లు ఒకటి, దాని వెనుక గోడనే తనకూ వెనుక గోడగా చేసుకుని వాకిలి వైపు ముఖం పెట్టిన ఇల్లు మరొకటి, ఆ రెండింటి మీదా కలిపి ఒకటే కప్పు. ఇంటికి వెనుక వైపంటూ లేదు కనుక వెనుక తలుపూ లేదు, కిటికీ లేదు. గాలి వచ్చిన వైపు నుండే తిరిగి పోవాలి. అంతస్తుకు ఒక గది చొప్పున మూడు అంతస్తులుంటాయి. కింది గదిలోనే వంట, భోజనం, చేతిపని అన్నీ జరిగేవి, పై రెండు గదులూ పడకలకు. వీధి ఇంటికి అద్దె కొంచెం ఎక్కువ, వాకిటి ఇంటికి తక్కువ. వాకిట్లో కాపురముండేవాళ్ళు వీధిలోకి రావాలంటే రెండిళ్ళ మధ్య కప్పు కింద నుండి పోయే సన్నని దారి ఒక్కటే ఆధారం. కొద్దిపాటి స్థలంలో, కొద్దిపాటి ఇటుకతో వీలైనన్ని అద్దెలు రాబట్టడానికి కట్టించినవాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది. ఇలాంటి వాకిళ్ళను కోర్టులు అనేవారు, వాటికి నంబర్లు ఉండేవి. ఇక్కడ మిగిలింది 15వ కోర్టు. 1802కూ 1831కీ మధ్య ఇది విడతలవారీగా పూర్తయింది.

గుండీలు, కలం పాళీలు, తాళాలు, తుపాకులు, నగలు, ఇత్తడి సామాను చేసే చిన్న చిన్న కార్ఖానాలతో ఎదిగిన బర్మింగ్‌హామ్, వాటిలో పని వెతుక్కుంటూ వచ్చిన జనాన్ని సర్దింది ఇలాంటి ఇళ్ళలోనే. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ ఒక్క నగరంలోనే ఇవి 43,000కు పైగా ఉండేవి, వాటిలో సుమారు 2 లక్షల మంది బతికేవారు. 1873 నుండి 1876 వరకు మేయరుగా ఉన్న జోసెఫ్ చాంబర్లిన్ గ్యాసునూ మంచినీటినీ ప్రైవేటు కంపెనీల నుండి నగరపాలనలోకి తెచ్చాడు, మురికివాడలను పడగొట్టించి కార్పొరేషన్ వీధి వేయించే పథకానికి నాంది పలికాడు. ఆ వీధిలో గొప్ప గొప్ప దుకాణాలు వెలిశాయి గాని, ఇళ్ళు పోయిన పేదల కోసం కట్టినవి చాలా తక్కువ, అందుచేత వాళ్ళు పోయి పక్కనున్న కోర్టులలోనే ఇరుక్కున్నారు. ఇలాంటివి ఇకమీదట కట్టరాదని 1909లో పార్లమెంటు చట్టం చేసినా, అప్పటికే ఉన్నవాటిలో రెండు ప్రపంచ యుద్ధాలు ముగిసిన తరువాత కూడా కాపురాలు సాగుతూనే ఉన్నాయి. లీడ్స్ నగరంలోనైతే ఈ రకపు ఇళ్ళలో నేటికీ వేలాది మంది నివసిస్తున్నారు. అక్కడ చదువుకునే మన విద్యార్థులలో కొందరు తెలియకుండానే అలాంటి ఇంట్లో అద్దెకు ఉంటూ ఉండవచ్చు.

బర్మింగ్‌హామ్‌లో మాత్రం యుద్ధం తరువాత వీటిని వాడలకు వాడలుగా నేలమట్టం చేశారు. 15వ కోర్టు మిగిలింది ఎవరి ముందుచూపు వల్లనో కాదు. 1966లో ఇవి నివాసానికి పనికిరావని ప్రకటించి పై అంతస్తులు ఖాళీ చేయించినా, వీధి వైపు కింది గదులలో చిన్న దుకాణాలు నడుస్తూ ఉండటం వల్ల గోడలు నిలిచి ఉన్నాయి. 1988లో వీటిని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. ఆ తరువాత బర్మింగ్‌హామ్ కన్జర్వేషన్ ట్రస్టు పూనుకుని మరమ్మతులు చేయించింది, 2004 జూలైలో నేషనల్ ట్రస్టు వీటిని సందర్శకుల కోసం తెరిచింది. నగరంలో ఇలాంటి కోర్టు ఇక ఇదొక్కటే.

టూరుకు పెద్ద గుంపును తీసుకోరు, ఎందుకంటే ఆ గదులలో పది మంది నిలబడితే పదకొండో మనిషికి చోటు లేదు. గైడులు ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసే స్థానికులు. మాకు వచ్చిన ఆవిడ ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి, మాట నిండా బర్మింగ్‌హామ్ యాస. ఇళ్ళను నాలుగు కాలాలకు తగ్గట్టు అమర్చారు: 1840లు, 1870లు, 1930లు, 1970లు. ఒక్కొక్క కాలానికి ఆ కోర్టులో నిజంగా ఉన్న ఒక కుటుంబాన్నో, పనిచేసిన ఒక మనిషినో ఎంచుకున్నారు. ఈ ఏర్పాటే ఈ టూరుకు ప్రాణం. నగర చరిత్రను మేయర్లతోనూ కర్మాగారాల యజమానులతోనూ చెప్పడం సులువు, ఎందుకంటే వాళ్ళ చిత్రపటాలు, ఉత్తరాలు, విగ్రహాలు ఉన్నాయి. అద్దె ఇంట్లో ఉండి వెళ్ళిపోయినవాళ్ళకు మిగిలేది జనాభా లెక్కలలో ఒక పంక్తి. ఆ పంక్తిని పట్టుకుని ఒక గదిని నింపడం, నింపేటప్పుడు కల్పన హద్దు మీరకుండా చూసుకోవడం కష్టమైన పని.

మొదటి ఇల్లు లారెన్స్ లెవీ కుటుంబానిది. లెవీ యూదుడు, గడియారాల ముళ్ళు తయారుచేసేవాడు. ఆ రోజుల్లో హర్స్ట్ వీధి చుట్టుపక్కల యూదు కుటుంబాలు గణనీయంగా ఉండేవి. అక్కడికి కొద్ది దూరంలో 1856లో తెరిచిన సింగర్స్ హిల్ ప్రార్థనా మందిరం ఇప్పటికీ ఉంది. అప్పటికి బర్మింగ్‌హామ్‌కు నగర హోదా కూడా లేదు, అది 1889లో వచ్చింది. కిటికీ పక్కన బల్ల, దాని మీద సన్నని పనిముట్లు, కొవ్వొత్తి వెలుతురు, ఒక మూల బొగ్గు పొయ్యి. వీటిని చూపిస్తూ గైడు ఎక్కువసేపు మాట్లాడింది వెలుతురు గురించి. ఒకే వైపు కిటికీ ఉన్న గదిలో అంత సన్నని పని చేసేవాడికి పగటి వెలుగు ఎన్ని గంటలు దక్కుతుందో, చలికాలంలో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడే దేశంలో ఆ లెక్క ఎలా మారుతుందో ఆమె విడమరిచి చెప్పింది. గోడ మీద బోర్డు పెట్టి అదే విషయాన్ని రాసి ఉంటే నేను చదివి ముందుకు వెళ్ళిపోయి ఉండేవాణ్ణి.

రెండవ ఇంటికి పోయేటప్పటికి 1870లు. ఇక్కడి హెర్బర్ట్ ఓల్డ్‌ఫీల్డ్ గాజుపనివాడు, చేసేది గాజు కళ్ళు. బొమ్మలకు, చర్మం ఒలిచి గడ్డి కూరి నిలబెట్టే జంతువులకు, కన్ను పోయిన మనుషులకు కూడా. గుండీలూ మొలలూ చేసిన ఊరు ఇదీ చేసిందా అని నవ్వు వస్తుంది, ఆ వెంటనే పెట్టెలో వరుసగా మనల్నే చూస్తున్న కళ్ళను చూస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. ఓల్డ్‌ఫీల్డ్‌ది పెద్ద సంసారం. అద్దె గిట్టడానికి ఆ ఇరుకులోనే బయటివాళ్ళకు కూడా పడక చోటు ఇచ్చేవారని, మధ్య ఒక తెర కట్టి ఆ పక్కన పిల్లలు, ఈ పక్కన బయటివాళ్ళు పడుకునేవారని గైడు చెప్పింది. పై గదిలోని గడ్డి పరుపు, మంచం కింద రాత్రి అవసరానికి పెట్టుకున్న కుండ, నల్లుల బాధ గురించి వివరిస్తుంటే మా గుంపులోని పిల్లలు ముక్కులు మూసుకుని ఆనందించారు. ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో విక్టోరియా కాలం గురించి పాఠాలు చెబుతారు కనుక ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ఇది బాగా పట్టుబడుతుంది. అంతకన్నా చిన్నవాళ్ళను తీసుకువెళితే వాళ్ళూ విసుగుపడతారు, తక్కినవాళ్ళనూ విసిగిస్తారు.

టూరులో నాకు అన్నిటికన్నా విలువైనవిగా అనిపించిన కొన్ని నిమిషాలు వాకిట్లో గడిచాయి, అక్కడ మాట్లాడింది గైడు ఒక్కతే కాదు. ఉతుకుడు గదిలో బట్టలు ఉడకబెట్టే కాగు, వాటిని కుమ్మే కర్ర, తడి బట్టను రెండు రోలర్ల మధ్య పెట్టి చేత్తో తిప్పి నీళ్ళు పిండే ఇనుప యంత్రం ఉన్నాయి. మరుగుదొడ్డి గోడకు మేకు కొట్టి, చదరంగా కత్తిరించిన పాత వార్తాపత్రికల ముక్కలు గుచ్చిపెట్టారు. మా గుంపులో ఉన్న ఒక వృద్ధురాలు ఆ కాగితాలను చూడగానే తాను లేడీవుడ్ వాడలో ఇలాంటి కోర్టులోనే పుట్టానని, 1960లలో తమ ఇల్లు కూల్చినప్పుడు ఊరి చివర కొత్తగా కట్టిన ఎత్తయిన ఫ్లాట్లకు తరలించారని చెప్పింది. మొదటి వారమంతా వాళ్ళమ్మ స్నానాల తొట్టి నిండా వేడినీళ్ళు పట్టి చూసుకుని మురిసిపోయేదట. ఆ తరువాత మాత్రం తలుపు తీస్తే పలకరించే మనిషి లేడని, పాత వాకిట్లోని వాళ్ళంతా ఎవరు ఎటు పోయారో కూడా తెలియలేదని ఎప్పుడూ అంటుండేదట.

మా మామగారు విజయవాడ సత్యనారాయణపురంలో, నడుమ ఒక బావి, చుట్టూ ఆరు వాటాలు ఉన్న ఇంట్లో పెరిగిన మనిషి. ఇంగ్లాండు చూడటానికి వచ్చి అప్పటిదాకా చూసిన కోటలలో దేని గురించీ ఒక ప్రశ్న వేయని ఆయన, ఇక్కడ మాత్రం వంతులు ఎలా వేసుకునేవారో అడగమని నన్ను ముందుకు తోశారు. నేను అడిగితే గైడు జవాబు చెప్పేలోగా ఆ వృద్ధురాలే అందుకుంది. ఉతుకుడు గదికి ఇంటికొక రోజు కేటాయించి ఉండేదట, సోమవారం వంతు ఎవరిదన్న దాని మీదే గొడవలన్నీ వచ్చేవట, మరుగుదొడ్డి తాళంచెవికి దారపు కండె కట్టి ఇంట్లో మేకుకు తగిలించుకునేవారట. నేను తెలుగులో చెప్పగానే మామగారు, "మా ఇంట్లోనూ అంతేనండీ, శుక్రవారం తలంటుకు ఎవరు ముందు నీళ్ళు తోడుకోవాలన్న దాని మీద ఆడవాళ్ళ మధ్య నెల రోజులు మాటలుండేవి కావు" అని ఆమెకు నేరుగా తెలుగులోనే చెప్పారు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి తలంటు అంటే ఏమిటో నేను వివరిస్తుండగానే గైడు గడియారం చూసుకుంది.

అలాంటి సందర్భంలోనే ఈ టూరు నిజాయితీ బయటపడుతుందని నా అభిప్రాయం. ఆ వృద్ధురాలి మాటలలో ఆప్యాయత ఉంది, దానిని ఎవరూ కాదనకూడదు. గైడు కూడా కాదనలేదు. కాని ఆ ఆప్యాయత దగ్గరే మాట ఆపేయకుండా, అంతమంది ఒకే నీటి మీద, ఒకే మరుగు మీద ఆధారపడిన వాకిట్లో అంటురోగాలు ఎలా వ్యాపించేవో, చంటిపిల్లల చావులు అక్కడ ఎంత మామూలు విషయమో కూడా చెప్పింది. వేల్స్‌లోని ఎలాన్ లోయ నుండి కొళాయి నీరు రావడం మొదలైంది 1904లో అని, అంతకు ముందు బావులూ చేతి పంపుల నీళ్ళు ఎలా ఉండేవో ఊహించుకోమని అంది. పాత రోజులే బాగుండేవన్న మాటను ఒకరు అంటారు, ఆ రోజులు ఎలా ఉండేవో పక్కనే మరొకరు చెబుతారు; రెండూ విని మన నిర్ణయం మనం చేసుకోవచ్చు. ఇదే ట్రస్టు వేల్స్‌లోని పోవిస్ కోటలో క్లైవు కుటుంబం ఇండియా నుండి తెచ్చుకున్న వస్తువులను, టిప్పు సుల్తాను గుడారంతో సహా, ప్రదర్శిస్తుంది. అక్కడ ఎంత తిరిగినా వస్తువులే తప్ప మనుషులు కనిపించలేదు నాకు. ఇక్కడ వస్తువులన్నీ చవకరకం, మనుషులు మాత్రం ఉన్నారు.

మూడవ ఇల్లు, అంటే 1930ల నాటి మిచెల్ కుటుంబపు ఇల్లు, నన్ను అంతగా ఆకట్టుకోలేదు. వాళ్ళు తాళాలు చేసేవాళ్ళు, పిలుపు గంటలు బిగించేవాళ్ళు; తరాలు మారినా దాదాపు వందేళ్ళు ఈ కోర్టును వదలలేదు. రెండు తరాలకు ఒకసారి ఊరే మారిపోయే చోట ఒకే కుటుంబం అంతకాలం నిలవడం ఆశ్చర్యమే. అయితే గ్యాసు దీపం, గోడ కాగితం, రేకు డబ్బాలు ఉన్న ఈ గది ఇంగ్లాండులోని చాలా మ్యూజియంలలో చూసిన గదిలాగే ఉంది, దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర లేదు.

నాలుగవది ఇల్లు కాదు, దర్జీ దుకాణం. కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ ద్వీపం నుండి 1958లో బర్మింగ్‌హామ్ వచ్చిన జార్జ్ సాండర్స్ కుట్టుపని క్షుణ్ణంగా నేర్చినవారు, అయినా ఆ పనిలో చోటు దొరకడం కష్టమైంది, కారణం ఒంటి రంగు. ఆ కారణంతో ఉద్యోగం ఇవ్వనని చెప్పడం ఆనాటికి చట్టవిరుద్ధం కాదు. ఉద్యోగాలకూ ఇళ్ళకూ వర్తించేలా చట్టం వచ్చింది 1968లో. ఎనాక్ పావెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలస వచ్చినవారి మీద విషం కక్కిన ప్రసంగం చేసింది అదే ఏడాది ఏప్రిల్‌లో, ఈ వీధికి నడిచిపోగలిగినంత దూరంలోని ఒక హోటలులో. అలాంటి ఊరిలో సాండర్స్ సొంతంగా వ్యాపారం పెట్టుకున్నారు, 1974లో దానిని ఈ భవనంలోకి మార్చారు, 2001లో విరమించేదాకా ఇక్కడే కుట్టారు. విరమించేటప్పుడు దుకాణంలోని సామగ్రిని ట్రస్టుకు ఇచ్చారు.

అందువల్ల ముందరి మూడు ఇళ్ళకూ దీనికీ పెద్ద తేడా ఉంది. అక్కడి వస్తువులు ఆ కాలానివే గాని ఆ కుటుంబాలవి కావు, ఎక్కడెక్కడి నుండో సేకరించి అమర్చినవి. ఇక్కడి కత్తెరలు ఆ చేతిలో ఆడినవే. బట్టల తానులు, కొలతలకు కత్తిరించిన కాగితపు నమూనాలు, సుద్ద ముక్కలు, మిషన్లు, ఇస్త్రీ పెట్టెలు, సగంలో ఆగిన కోట్లు అన్నీ ఎవరో టీ తాగడానికి బయటికి వెళ్ళినట్టు ఉన్నాయి. మా మామగారి తరానికి రెడీమేడ్ చొక్కా అన్నది పెళ్ళిళ్ళయిన తరువాతి సంగతి, కనుక ఆయన ఆ కాగితపు నమూనాల ముందు చాలాసేపు నిలబడి, భుజం దగ్గర ఆ వంపు ఎందుకు తీశారో నాకు చెప్పారు. గైడుకు కూడా అది తెలియదు. నేను అనువదించి చెబితే ఆమె తన పుస్తకంలో రాసుకుంది.

ఈ భాగానికి ఇంకా ఎక్కువ సమయం ఉండవలసిందని నా అభిప్రాయం. టూరు కాలక్రమంలో నడుస్తుంది కనుక ఇది చివర వస్తుంది, అప్పటికి మెట్లెక్కి దిగిన కాళ్ళు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ ఉంటాయి. ఈ దేశానికి 1960, 70లలో వచ్చిన మన డాక్టర్లకు గాని, ఇప్పుడు కంప్యూటరు ఉద్యోగాలకు వస్తున్నవారికి గాని ఈ నగరం తలుపు తెరిచిన తీరు వేరు, సాండర్స్ లాంటివారికి తెరిచిన తీరు వేరు. ఆ తలుపు ఇప్పుడున్నంత వరకైనా తెరుచుకుని ఉన్నదంటే, ముందు తట్టినవాళ్ళు ఎవరో తెలుసుకోవడం మనవాళ్ళకు అవసరమే. పంజాబు, మీర్పూరు, సిల్హెట్ ప్రాంతాల నుండి వచ్చి ఈ నగరాన్ని మార్చిన జనం గురించి ఇక్కడ పెద్దగా లేదేమిటని నాతో వచ్చిన మిత్రుడు పెదవి విరిచాడు. ఆ కోర్టులో ఉన్నవాళ్ళ కథలే చెప్పాలన్న నియమం పెట్టుకున్నప్పుడు దానికి కట్టుబడటమే మంచిది. అందరినీ తెచ్చి ఆ నాలుగు గదులలో కూర్చోబెడితే ఒక్కరూ మిగలరు.

టూరుకు బయట, వీధి మూల మీద 1930ల పద్ధతిలో అమర్చిన మిఠాయి కొట్టు ఉంది. గాజు జాడీలలో రంగురంగుల చక్కెర బిళ్ళలు, వాటిని తూకం వేసి కాగితపు సంచిలో పోసి ఇస్తారు. ఇక్కడ జ్ఞాపకాలు నిజంగానే గ్రాముల లెక్కన అమ్ముడుపోతాయి; ఓల్డ్‌ఫీల్డ్ పిల్లలకు ఇలాంటి జాడీలు ఎంత అందుబాటులో ఉండేవో అడగడానికి అక్కడ ఎవరికీ తోచదు. తోచనంత రుచిగానే ఉన్నాయి అవి, నేనూ కొన్నాను. శాకాహారులు ఒక జాగ్రత్త తీసుకోవాలి: మెత్తగా సాగే రకాలలో చాలావాటిలో జంతువుల ఎముకల నుండి, చర్మం నుండి తీసిన జిలాటిన్ ఉంటుంది, కనుక గట్టి బిళ్ళలే అడిగి తీసుకోవడం మేలు.

వెళ్ళదలచినవారికి కొన్ని వివరాలు. టికెట్టు ముందుగా బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళితే చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. నేషనల్ ట్రస్టు సభ్యులకు టికెట్టు ఉచితమే గాని బుకింగ్ వాళ్ళకూ తప్పదు. టూరు గంటకు పైనే సాగుతుంది. అసలు సమస్య మెట్లు: నిట్టనిలువుగా, మెలికలు తిరుగుతూ, పాదం పూర్తిగా ఆనని వెడల్పుతో ఉంటాయి, ఒక్కొక్క ఇంట్లో రెండేసి వరుసలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను ఈ మెట్లు ఎక్కించడం మంచిది కాదు. అలాంటివారి కోసం కింది అంతస్తులు మాత్రమే చూపించే టూరు విడిగా ఉంది, బుక్ చేసేటప్పుడే అడగాలి. మా అత్తగారు ఆ సంగతి ముందే విని ఇంటి దగ్గర ఉండిపోయారు; మామగారు ఎక్కారు గాని దిగేటప్పుడు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగారు. చేతిసంచులు పెద్దవి తీసుకువెళ్ళకండి, గదులలో అటూ ఇటూ తిరిగేటప్పుడు తగులుతాయి. గైడు యాస అలవాటు లేని పెద్దవాళ్ళకు పక్కన ఉండి చెప్పే మనిషి కావాలి, లేకపోతే సగం పోతుంది.

కారులో రావడం కన్నా రైలులో రావడమే సుఖం. న్యూ స్ట్రీట్ స్టేషను నుండి పది నిమిషాల నడక; ఎదురుగా హిప్పోడ్రోమ్ నాటకశాల కనిపిస్తుంది కనుక దారి తప్పే ప్రమాదం లేదు. నగర కేంద్రమంతా 2021 జూన్ నుండి స్వచ్ఛ వాయు మండలంలో ఉంది, పాత డీజిలు కార్లకు రోజుకు 8 పౌండ్లు కట్టాలి, ఆ సంగతి మరచిపోతే వచ్చే జరిమానా టికెట్టు ధరను మించిపోతుంది. చుట్టూ చైనీయుల పేట, భోజనానికి లోటు లేదు.

ఇంజ్ వీధి వైపున్న రెండు ఇళ్ళను ట్రస్టు రాత్రి బసకు కూడా అద్దెకిస్తుంది, లోపల నేటి స్నానాల గది, వంటిల్లు అమర్చి. నేను ఉండి చూడలేదు. నాటకశాలలో ఆట చూసి ఊరికి దూరం వెళ్ళే రైలు దొరకనివారికి అది పనికివచ్చే ఏర్పాటులాగే కనిపించింది. అయిదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను, ఆ తగ్గించిన సగం దర్జీ దుకాణంలో ఇంకో పావుగంట ఇవ్వనందుకు.

ఇది నచ్చినవారు జ్యువెలరీ క్వార్టర్ మ్యూజియంను కూడా చూడాలి. స్మిత్ అండ్ పెప్పర్ అనే నగల కార్ఖానా 1981లో మూతపడినప్పుడు పనిముట్లన్నీ ఎక్కడివక్కడ వదిలి వెళ్ళారు, 1992లో దానినే మ్యూజియంగా తెరిచారు. సాండర్స్ దుకాణం చూసి వచ్చిన కళ్ళకు ఆ బల్లలు వెంటనే తెలిసిపోతాయి. అక్కడా గైడే చూపిస్తారు, అక్కడా నిలబడే వినాలి, కనుక రెండూ ఒకే రోజు పెట్టుకోకుండా మరో రోజు వెళ్ళండి; స్నో హిల్ స్టేషను నుండి రైలెక్కితే తరువాతి స్టేషనే అది.